గుండు ముందుకు, కేస్ పక్కకు

రైఫిల్ పేలిన ప్రతిసారీ దానిలోంచి రెండు వస్తువులు బయటికి వస్తాయి. మొదటిది గుండు. అది బారెల్ మూతిలోంచి ముందుకు పోతుంది, అందరి ధ్యాసా దాని వెంటే పోతుంది. రెండోది ఇత్తడి కేస్, అంటే మందు కాలిపోయాక మిగిలిన ఖాళీ గొట్టం. ముట్టుకుంటే చురుక్కుమనేంత వేడి మీద, రైఫిల్ కుడిపక్కనున్న కిటికీలాంటి సందులోంచి గిరగిరా తిరుగుతూ ఎగిరి నేల మీద పడుతుంది. రైఫిల్ మీద స్కోప్ బిగించే ఆర్మరర్ ముందుగా ఆలోచించేది ఈ రెండోదాని గురించే. గుండు దారి బారెల్ లోపల భద్రంగా ఉంది. కేస్ దారి గాలిలో ఉంది. కంటికి కనబడని ఆ దారిలో ఒక స్క్రూ తల అడ్డొచ్చినా చాలు, రైఫిల్ ఆగిపోవచ్చు.

సైనిక రైఫిళ్ల మీద స్కోప్‌ను కూర్చోబెట్టడానికి వందేళ్లకు పైగా ఎన్నో రకాల పీటలు, పట్టాలు, బిగింపులు పుట్టాయి. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. గాజును గట్టిగా పట్టుకోవడం ఆ పనితనంలో సగం. ఏ చోటును ముట్టుకోకుండా వదలాలో తెలియడం మిగతా సగం. ఆ రెండో సగమే నన్ను ఎక్కువగా కట్టిపడేస్తుంది.

ముందు కేస్ ఎలా బయటపడుతుందో చూద్దాం. అందరూ పేరు విన్న కలాష్నికోవ్‌నే తీసుకుందాం. తూటా పేలగానే బారెల్‌లోని వాయువు కొంత, దాని పైభాగంలో ఉన్న చిన్న రంధ్రం గుండా పైనున్న గ్యాస్ గొట్టంలోకి దూరి పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. పిస్టన్‌కు అతుక్కుని ఉన్న బోల్ట్ క్యారియర్ వెనక్కి జరుగుతూ బోల్ట్‌ను, అంటే బారెల్ వెనక కొసను మూసి ఉంచే ఉక్కు ముక్కను, కాస్త తిప్పి దాని తాళం విప్పుతుంది. బోల్ట్ ముఖానికి కుడివైపున ఉక్కు గోరు ఒకటి ఉంటుంది. దాని పేరు ఎక్స్‌ట్రాక్టర్. అది కేస్ అడుగు అంచును కొక్కెంలా పట్టుకుని, తూటా కూర్చునే చాంబర్‌లోంచి వెనక్కి లాగుతుంది. అలా లాక్కొస్తూ ఉండగా, రిసీవర్ అనే ఉక్కు పెట్టె ఎడమ గోడకు లోపలి పక్కన కదలకుండా నిలిచిన ఉక్కు మొన ఒకటి ఎదురవుతుంది. అది ఎజెక్టర్. బోల్ట్‌లో కోసిన సన్నటి గాడిలోంచి దూరివచ్చి కేస్ అడుగుకు ఎడమ అంచున తగులుతుంది. కుడి అంచు గోరు పట్టులో ఉంది, ఎడమ అంచుకు దెబ్బ తగిలింది. ఇక కేస్‌కు మిగిలింది ఒక్కటే దిక్కు. గోరును ఇరుసు చేసుకుని కుడివైపుకు తిరిగి, కిటికీలోంచి బయటికి దూకుతుంది.

ఈ రైఫిల్ నిమిషానికి సుమారు 600 తూటాల వేగంతో పేలుతుంది. అంటే సెకనుకు పది. తాళం విప్పడం, లాగడం, తన్నడం, మేగజీన్‌లోంచి కొత్త తూటాను చాంబర్‌లోకి తోయడం, మళ్లీ తాళం వేయడం, అన్నీ సెకనులో పదో వంతులో అయిపోవాలి. అందులో కేస్ కిటికీ దాటడానికి దొరికే సమయం ఇంకా స్వల్పం. ఆ క్షణంలో అది దేనికైనా తగిలి వెనక్కి తుళ్లిందంటే, ముందుకు దూసుకొస్తున్న బోల్ట్‌కు చిక్కుతుంది. ఒక్కోసారి మూతి బయటికి, అడుగు లోపలికి ఉండేలా కిటికీలోనే నిటారుగా ఇరుక్కుపోతుంది. ఒక్కోసారి మొత్తంగా లోపలికే పడి, కొత్త తూటాకు అడ్డుగా నిలుస్తుంది.

ఇప్పుడు స్కోప్‌కు ఏం కావాలో చూద్దాం. వీలైనంత వరకు బారెల్‌కు నేరుగా పైన, తక్కువ ఎత్తులో ఉండాలి. కంటికి సరిపడే దూరంలో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, కూర్చున్న చోటు నుంచి వెంట్రుక వాసి కూడా కదలకూడదు. ఈ చివరి మాట అతిశయోక్తిలా వినిపిస్తుంది గానీ, లెక్క వేసి చూస్తే అదే నిజం. స్కోప్‌ను రెండు చోట్ల పట్టుకున్న బిగింపుల నడుమ దూరం 100 మిల్లీమీటర్లు అనుకుందాం. అందులో ఒక కొస మిల్లీమీటరులో పదో వంతు జరిగితే చూపు వెయ్యికి ఒకటి చొప్పున పక్కకు తిరుగుతుంది. 100 మీటర్ల దూరంలో అది 10 సెంటీమీటర్ల తేడా, 300 మీటర్లకు 30 సెంటీమీటర్లు. కాబట్టి రైఫిల్‌లో అన్నిటికన్నా దృఢమైన భాగం వెతికి, దానికే స్కోప్‌ను కట్టాలి.

చిక్కు ఇక్కడే వస్తుంది. దృఢమైన చోటు రిసీవర్, అంటే బోల్ట్ ముందుకూ వెనక్కీ ఆడే ఉక్కు పెట్టె. తూటా లోపలికి పోయేదీ, కేస్ బయటికి వచ్చేదీ అక్కడే. స్కోప్ కోరుకునే జాగా, కేస్ కోరుకునే జాగా పక్కపక్కనే, కొన్ని రైఫిళ్లలో ఒకదాని మీద ఒకటి ఉంటాయి.

చేత్తో బోల్ట్ తిప్పే రైఫిళ్ల రోజుల్లోనూ ఈ పేచీ ఉంది. రష్యా మోసిన్ నాగాంట్ మీద రెండో ప్రపంచ యుద్ధంలో పెట్టిన 3.5 రెట్ల పీయూ స్కోప్, రిసీవర్ ఎడమ పక్కకు బిగించిన పీట మీద నిలబడి బారెల్ పైకి వస్తుంది. మామూలు రైఫిల్‌లో తిన్నగా పక్కకు పొడుచుకు ఉండే బోల్ట్ పిడి, పైకి తిప్పితే స్కోప్‌కు తగులుతుంది. అందుకని పిడిని పొడుగు చేసి కిందికి వంచారు. అయినా అయిదు తూటాల క్లిప్‌ను పైనుంచి పెట్టి ఒక్కసారిగా నింపే వీలు పోయింది, తూటాలు ఒక్కొక్కటిగా పెట్టుకోవాల్సి వచ్చింది. జర్మనీ వాళ్లు జెడ్‌ఎఫ్ 41 అనే చిన్న స్కోప్‌తో మరో దారి పట్టారు. దాన్ని రిసీవర్ మీదికి రానివ్వకుండా ముందుకు జరిపి, బారెల్ మీదున్న వెనక గురి దిమ్మకు తగిలించారు. నింపే చోటు పూర్తిగా తెరిచే ఉంది. అయితే కంటికి అంత దూరాన ఉన్న 1.5 రెట్ల స్కోప్‌లో కనిపించే మేర చాలా ఇరుకు.

ఈ కథలో అన్నిటికన్నా కఠినమైన పరీక్ష ఎం1 గరాండ్. కెనడాలో పుట్టి అమెరికా స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో పనిచేసిన జాన్ గరాండ్ రూపొందించిన ఈ రైఫిల్‌ను అమెరికా సైన్యం 1936లో స్వీకరించింది. ఎనిమిది తూటాలు ఒక ఉక్కు క్లిప్‌లో కట్టగా ఉంటాయి. సైనికుడు ఆ కట్టను క్లిప్‌తో సహా పైనుంచి లోపలికి నొక్కుతాడు. పేలిన ప్రతి కేస్ కుడి పక్కకు ఎగురుతుంది. ఎనిమిదోది కూడా పేలాక, ఖాళీ క్లిప్ ఖంగుమంటూ పైకి ఎగిరిపోతుంది. కట్ట లోపలికి దిగాలి, కేస్‌లు పోవాలి, క్లిప్ పైకి లేవాలి. రిసీవర్ నడినెత్తిన ఇన్ని రాకపోకలున్న రైఫిల్ మీద స్కోప్ ఎక్కడ పెట్టాలి?

1944లో వచ్చిన ఎం1సి ఇచ్చిన జవాబు, నెత్తిని పూర్తిగా వదిలేయడం. ఇందులో వాడిన బిగింపు న్యూయార్క్‌లో వేట తుపాకులకు పేరుపడ్డ గ్రిఫిన్ అండ్ హౌ కంపెనీది. రిసీవర్ ఎడమ గోడకు ఒక ఉక్కు పీటను మూడు స్క్రూలతో, రెండు సీలలతో బిగించారు. ఈ సీలల విషయం దగ్గరగా చూడదగ్గది. అవి ఒక కొస నుంచి ఇంకో కొసకు సన్నబడుతూ పోతాయి. స్క్రూ చేసే పని లాగి పట్టడం. కానీ స్క్రూకూ దాని రంధ్రానికీ మధ్య ఎంతో కొంత సందు ఉండక తప్పదు. రైఫిల్ తన్నిన ప్రతిసారీ పీట ఆ సందులో జరగాలని చూస్తుంది. సన్నబడే సీల రంధ్రంలోకి దిగేకొద్దీ బిగుసుకుంటూ, చివరికి సందన్నదే లేకుండా చేస్తుంది. స్క్రూ పట్టుకుంటుంది, సీల జరగనివ్వదు. అయిదు రంధ్రాల్లో రెండు పనులు విడివిడిగా అమరాయి.

ఎడమకు జరిగిన స్కోప్‌తో ఇంకో చిక్కు వచ్చింది. చూపు ఒక గీత మీద, బారెల్ దాని పక్కన ఇంకో గీత మీద ఉంటాయి. వాటిని ఒకానొక దూరంలో కలిసేట్టు సరిచేయాలి. ఆ దూరం దాటాక రెండూ ఒకదాన్నొకటి దాటుకుపోతాయి. తేడా స్వల్పమే, కాని పేల్చేవాడు దాన్ని గుర్తుంచుకోవాలి. ఇక సైనికుడి మొహం సంగతి. చెంప మామూలు చోటే ఆనితే కన్ను స్కోప్ వెనకకు రాదు. అందుకని భుజానికి ఆనే బట్‌కు తోలు దిండు ఒకటి తాళ్లతో అల్లి కట్టారు. అది చెంపను ఎడమకు నెట్టి, కంటిని గాజు వెనకకు తెస్తుంది. ఒక ఖాళీ క్లిప్‌కు దారి ఇవ్వడం కోసం గాజు జరిగింది, గాజు కోసం చెంప జరిగింది. ఆ సర్దుబాటు వల్ల ఒక లాభమూ దక్కింది. స్కోప్ పక్కకు ఉంది కాబట్టి నడిమధ్యన మామూలు గురి అలాగే తెరిచి ఉంది, అవసరమైతే దానితోనూ కొట్టవచ్చు.

ఆ వెంటే వచ్చిన ఎం1డిలో ఆలోచన ఇంకా తేలికైంది. గట్టిపరిచిన రిసీవర్ ఉక్కులో రంధ్రాలు వేయడం ఓపికతో, పరికరాలతో కూడిన పని. దానికి బదులు బారెల్ వెనక కొసన, చాంబర్ దగ్గర ఒక దిమ్మను ఎక్కించారు. దానికి చోటివ్వడానికి పైనున్న వెనక చెక్క తొడుగును కురచ చేశారు. వేళ్లతో తిప్పే పెద్ద స్క్రూ ఒక్కటి స్కోప్‌ను ఆ దిమ్మకు బిగిస్తుంది. మామూలు ఎం1కు బారెల్ మారిస్తే చాలు, అది స్కోప్ రైఫిల్ అయిపోతుంది. ఇక్కడా స్కోప్ ఎడమనే నిలిచింది, పైదారిని ముట్టుకోలేదు.

ఇప్పుడు మళ్లీ కలాష్నికోవ్ దగ్గరకు వద్దాం. 1959 నాటి ఏకేఎమ్ రిసీవర్‌ను ఒక మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు రేకును వంచి చేశారు. దాని మీద మూత అంతకన్నా పలచటి రేకు. ముందు అంచు వెనక గురి దిమ్మలోని గాడిలో కూర్చుంటుంది, వెనక కొసను రికాయిల్ స్ప్రింగ్ కడ్డీ చివరనున్న బొడిపె పట్టి ఉంచుతుంది. శుభ్రం చేయాలంటే బొడిపె నొక్కి మూత ఊడదీయాలి. రోజూ ఊడి, రోజూ ఎక్కే మూత కాబట్టి దానికి కాస్త ఆట ఉంటుంది. ఇందాకటి లెక్క గుర్తుంటే, ఆ కాస్త ఆట 300 మీటర్ల దగ్గర ఎంతవుతుందో తెలుసు. పైకి చూస్తే స్కోప్‌కు ఇంతకన్నా మంచి చోటు లేదనిపించే మూత, నిజానికి స్కోప్‌కు పనికిరాని చోటు. కుడివైపు కిటికీ ఉంది, ప్రతి తూటాకూ ముందుకూ వెనక్కీ ఆడే పిడి ఉంది. మిగిలింది ఎడమ గోడ.

రాత్రి స్కోప్‌లు పెట్టేందుకు చేసిన ఏకేఎమ్ఎన్ రకంలో ఆ ఎడమ గోడకు ఉక్కు పట్టా ఒకటి రివెట్లతో బిగించి ఉంటుంది. 1991లో వచ్చిన ఏకే 74ఎమ్‌తో అది ప్రతి రైఫిల్‌కూ మామూలైంది. పట్టా అంచులు ఏటవాలుగా చెక్కి ఉంటాయి. గోడ వైపు ఇరుకు, బయటి వైపు వెడల్పు. స్కోప్ కింద ఉండే బిగింపులో అదే ఆకారపు గాడి ఉంటుంది. దాన్ని వెనకనుంచి ముందుకు, ఆగే దాకా తోసి, చిన్న లివర్‌ను తిప్పితే పట్టా అంచుల మీద బిగుసుకుంటుంది. వెనకనుంచే ఎందుకు ఎక్కించాలన్నది ఇందులోని అందం. పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నుతుంది, బరువున్న స్కోప్ ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. అంటే పట్టా లెక్కన చూస్తే స్కోప్ ముందుకు పోవాలని చూస్తున్నట్టు. అటువైపే అడ్డు ఉంది. ప్రతి దెబ్బా స్కోప్‌ను దాని చోటులోకే తోస్తుంది.

ఈ ఎడమ గోడను లోపలా బయటా ఒకేసారి ఊహించుకుంటే ముచ్చటేస్తుంది. లోపలి పక్కన కేస్‌ను కుడికి తన్నే ఎజెక్టర్ ఉంది. బయటి పక్కన స్కోప్‌ను మోసే పట్టా ఉంది. ఒక రేకు గోడ, ఒక పక్కన కేస్‌ను తనకు దూరంగా పంపుతూ, రెండో పక్కన, కేస్ ఎన్నడూ రాని దిక్కున, గాజును ఎత్తిపట్టుకుంటుంది. పట్టాను బిగించేవాడికి ఒకటే షరతు. రివెట్ల తలలు లోపల కదిలే భాగాలకు ఒరుసుకోకూడదు. బయట ఎంత గట్టిగా ఉన్నా, లోపల గోరంత పొడుచుకు వచ్చినా పని చెడినట్టే.

ఈ పద్ధతి నిండుగా కుదిరిన రైఫిల్ డ్రాగునోవ్. ఎవ్‌గెని డ్రాగునోవ్ రూపొందించిన ఈ రైఫిల్‌ను సోవియట్ సైన్యం 1963లో స్వీకరించింది. మన భారత సైన్యంలోనూ ఇది దశాబ్దాలుగా ఉంది. దీని పీఎస్ఓ 1 స్కోప్‌కు నాలుగు రెట్ల శక్తి, 24 మిల్లీమీటర్ల ముందు గాజు, ఆరు డిగ్రీల చూపు. కంటికీ గాజుకూ మధ్య ఉండాల్సిన దూరం 68 మిల్లీమీటర్లు. ఆ దూరాన్ని వెనకనున్న రబ్బరు తొడుగే కొలిచి పెడుతుంది. కన్ను దానికి ఆనిస్తే చాలు. స్కోప్ ఎడమ పట్టా మీద నిలిచి రిసీవర్ పైకి వంగి, నడిరేఖకు కాస్త ఎడమగా ఆగుతుంది. కింద మామూలు గురి కనిపించేంత సందు వదిలారు. కుడి పక్కన కిటికీ ముందు ఆకాశం తప్ప ఏమీ లేదు.

ఎడమ గోడ దొరకని చోట మూతనే మార్చిన వాళ్లూ ఉన్నారు. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్‌లో తయారై, ఇన్సాస్ రైఫిల్ వచ్చేదాకా మన సైనికుల భుజాన ఉన్న 7.62 ఎస్ఎల్ఆర్‌కు బంధువైన బ్రిటిష్ ఎల్1ఏ1 అందుకు ఉదాహరణ. దాని మామూలు పైమూత పలచటి రేకు. దాన్ని తీసి, సూట్ అనే నాలుగు రెట్ల స్కోప్‌ను మోయగల గట్టి మూతను పెట్టారు. కేస్ కుడి కిటికీలోంచే పోతుంది కాబట్టి పైన బరువు పెరిగినా దాని దారికి అడ్డు రాలేదు.

తర్వాతి తరం ఇంజినీర్లు రిసీవర్‌ను గీసేటప్పుడే స్కోప్‌కు చోటు గీశారు. అమెరికా ఎం16 రైఫిల్ పైనున్న మోసే పిడిని తీసేసి, నెత్తిని చదును చేసి, పొడవునా గాట్లున్న పట్టాను అందులోనే చెక్కారు. ఆ పట్టా కొలతలను న్యూజెర్సీలోని పికటిన్నీ ఆర్సెనల్ పేరుతో 1995లో అమెరికా సైనిక ప్రమాణంగా ఖాయం చేశారు. గాటు వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, ఒక గాటు నడుమ నుంచి మరో గాటు నడుమకు 10.01 మిల్లీమీటర్లు. బిగింపు అడుగున అడ్డంగా ఉండే కడ్డీ ఈ గాట్లలో దిగుతుంది. అనుభవమున్న ఆర్మరర్ నట్టు బిగించేటప్పుడు స్కోప్‌ను ముందుకు నొక్కిపట్టి ఉంచుతాడు. కారణం కలాష్నికోవ్ ఎడమ పట్టా దగ్గర చూసిందే. తన్నినప్పుడు కడ్డీ గాటు ముందు గోడనే తాకుతుంది. ముందే అక్కడ ఆనించి ఉంచితే, మొదటి దెబ్బకు జరగడానికి సందు మిగలదు.

ఇంత సిద్ధంగా ఉన్న పట్టా మీద కూడా పొరపాటుకు చోటుంది. అది చిన్నది, అందుకే చూడాలి. చాలా బిగింపులకు ఒక పక్క నట్టో లివరో పొడుచుకు ఉంటుంది. దాన్ని కుడి పక్కకు వచ్చేలా పెడితే సరిగ్గా కిటికీ పైన వేలాడుతుంది. అదే బిగింపును తిప్పి లివర్‌ను ఎడమకు తెస్తే చాలు, దారి ఖాళీ. అలాగని కేస్ దేనికీ తగలకూడదని నియమం ఏమీ లేదు. ఎం16ఏ2లో కిటికీ వెనక ఒక బొడిపె కావాలనే పెట్టారు. వెనక్కి ఎగిరే కేస్ దానికి తగిలి ముందుకు మళ్లుతుంది, ఎడమ భుజంతో కాల్చేవాడి మొహానికి తగలదు. ఆ తాకిడి కేస్ కిటికీని దాటాక, బయటికే నెట్టే కోణంలో జరుగుతుంది. తగలడం తప్పు కాదు. ఎక్కడ తగిలింది, తగిలాక ఎటు పోయింది అన్నదే లెక్క.

కలాష్నికోవ్ కూడా చివరికి నెత్తికి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో అమేఠీ జిల్లా కోర్వాలో మన సైన్యం కోసం తయారవుతున్న ఏకే 203లో పైమూత ఊడివచ్చే పలచటి రేకు కాదు. ముందు కొసన కీలు మీద తలుపులా లేచి, వెనక కొసన గట్టిగా తాళం పడే మూత అది. దాని మీదే గాట్ల పట్టా ఉంది. దశాబ్దాల పాటు ఎడమ గోడ మోసిన పనిని ఇప్పుడు కీలు మోస్తోంది. కిటికీ మాత్రం కుడి పక్కనే, తన చోటనే ఉంది.

ఇక బల్ల దగ్గరి పని. మంచి ఆర్మరర్ స్కోప్ బిగించాక వెంటనే గురి సరిచూడడు. మందు లేని డమ్మీ తూటాలు మేగజీన్‌లో పెట్టి, బోల్ట్‌ను చేత్తో మెల్లగా వెనక్కి లాగుతాడు. గోరు ఎక్కడ పట్టుకుంది, ఎజెక్టర్ ఎక్కడ తాకింది, కేస్ మూతి ఏ కోణంలో కిటికీ దాటింది, అన్నీ చూస్తాడు. అది స్కోప్ అడుగుకో, నట్టుకో దగ్గరగా వస్తే అక్కడే ఆగి ఎడం కొలుస్తాడు. తర్వాత బోల్ట్‌ను గట్టిగా, వేగంగా లాగి చూస్తాడు. మెల్లగా లాగినప్పుడు జారిపడే కేస్, వేగంగా లాగినప్పుడు ఎగురుతుంది. రెండు దారులూ ఒకటి కావు.

ఆ తర్వాతే ఫైరింగ్ రేంజ్. అక్కడ అతను ముందుగా చదివేది లక్ష్యం మీది రంధ్రాలను కాదు. నల్లటి బిగింపు మీద ఎక్కడైనా సన్నటి పసుపు గీత పడిందా అని వేలితో తడిమి చూస్తాడు. ఉక్కు మీద ఇత్తడి రాసిన గీత అది. ఉందంటే కేస్ అక్కడ తగులుతోందన్నమాట. ఏరిన కేస్‌ల మూతుల దగ్గర, నడుముల దగ్గర కొత్త నొక్కులు పడ్డాయేమో తిప్పి తిప్పి చూస్తాడు. చివరిగా నేల చూస్తాడు. స్కోప్ పెట్టకముందు పేల్చినప్పుడు కేస్‌లు కుడి పక్కన ఎక్కడ పోగుపడ్డాయో అతనికి గుర్తుంది. ఇప్పుడూ అక్కడే, అదే దూరంలో, అదే జాగాలో పడి ఉంటే, పైన కొత్తగా ఒక బరువు వచ్చి కూర్చున్నట్టు వాటికి తెలియలేదన్నమాట. అప్పుడు తలెత్తి, లక్ష్యం వైపు చూస్తాడు.